గీత ఎక్కడ ఆగుతుంది, ఆగాక కాపలా ఎవరిది?

(2025 సెప్టెంబరు చివరి వారంలో భీమవరంలో ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం ఇది. ఇందులోని సుంకాలు, వడ్డీ రేట్లు ఆనాటివి. మధ్యలో సభలోంచి వచ్చిన ప్రశ్నల్ని తీసెయ్యకుండా అలాగే ఉంచాం.)

అధ్యక్షులవారికీ, వేదిక మీదున్న పెద్దలకీ, పనులు మానుకుని వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం.

కరపత్రంలో నా ప్రసంగానికి "ఉక్రెయిన్ యుద్ధం: గెలుపెవరిది?" అని పేరు పెట్టారు. పెట్టినవాడు నా శిష్యుడే కాబట్టి పైకి ఏమీ అనలేను. (నవ్వులు) కానీ ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఒకరికి గెలుపు, ఇంకొకరికి ఓటమి అని రాసిచ్చే రోజు ఈ యుద్ధంలో వస్తుందని నేను అనుకోవట్లేదు. రెండు సైన్యాల మధ్య గీత ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆగిన గీతకి కాపలా ఎవరన్నదే అసలు తగాదా. చూసేవాళ్లకి భూమి కోసం కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. చర్చలు మాత్రం ప్రతిసారీ ఆ కాపలా దగ్గరికొచ్చే తెగిపోతున్నాయి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా దీనికి సాక్ష్యం.

ముందు జోస్యాల సంగతి చూద్దాం. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు సరిహద్దు దాటినప్పుడు ఉక్రెయిన్ రాజధాని కీవ్ మూడు రోజుల్లో పడిపోతుందన్నారు. టీవీ చానళ్లవాళ్లు ఏదో అన్నారులే అనుకోవడానికి లేదు, అమెరికా సైన్యాధికారుల అంచనా కూడా దాదాపు అదే. కీవ్ పక్కనున్న హొస్తొమెల్ విమానాశ్రయంలో రష్యా కమాండోలు మొదటి రోజే హెలికాప్టర్లలో దిగారు. వాళ్ల వెనక సైన్యాన్ని మోసుకుని రావాల్సిన పెద్ద విమానాలు దిగలేకపోయాయి. ఏప్రిల్ మొదటివారానికి కీవ్ పరిసరాల నుంచి రష్యా వెనక్కి మళ్లింది. దాంతో గాలి అటు తిరిగింది. ఆంక్షల దెబ్బకి రూబుల్ చిత్తుకాగితం అవుతుందన్నారు. 2023లో రష్యా ఆర్థిక వ్యవస్థ మూడు శాతానికి పైగా పెరిగింది. అదే ఏడాది వేసవిలో ఉక్రెయిన్ ఎదురుదాడి అజోవ్ సముద్రం దాకా దూసుకుపోతుందన్నారు. రొబొతినె అనే చిన్న ఊరి దగ్గర అది ఆగిపోయింది. ఇక ట్రంప్ గారు తాను వస్తే ఇరవైనాలుగు గంటల్లో ఆపేస్తానన్నారు. వచ్చి ఎనిమిది నెలలైంది.

వీళ్లంతా తెలివితక్కువవాళ్లు కారు. లెక్కకి దొరికేవాటిని లెక్కపెట్టారు: ట్యాంకులెన్ని, విమానాలెన్ని, జీడీపీ ఎంత. కీవ్ వీధుల్లో ఆఫీసు ఉద్యోగులు తుపాకుల కోసం వరసలో నిలబడతారని ఏ పట్టికలోనూ ఉండదు. చమురు కొనే దేశాలు కొంటూనే ఉంటాయన్నది పట్టికలో ఉంది, కానీ దాన్ని చూడడం చాలామందికి ఇష్టం లేకపోయింది.

ఈ జోస్యాల చరిత్రలో నాకు ఇష్టమైన మనిషి ఒకాయన ఉన్నాడు. ఇవాన్ బ్లోహ్, వార్సా నగరానికి చెందిన బ్యాంకరు. రైల్వేలు కట్టినవాడు, సైన్యంలో పనిచేసినవాడు కాదు. 1898లో ఆరు సంపుటాలు అచ్చువేశాడు. రాబోయే యుద్ధంలో సైనికుడికి తుపాకి ఎంత ముఖ్యమో పార కూడా అంతే ముఖ్యం అవుతుందన్నాడు. దూరం నుంచి గురిచూసి కొట్టే తుపాకులొచ్చాక మైదానం మీద నడిచివెళ్లి దాడిచేసేవాడు బతకడు, ఇద్దరూ గోతుల్లో కూర్చుంటారు, చివరికి ఆకలీ అప్పులూ విప్లవాలూ తేలుస్తాయి అన్నాడు. అప్పటి జనరళ్లు నవ్వారు. పదహారేళ్ల తర్వాత, మొదటి ప్రపంచ యుద్ధంలో, అక్షరాలా అదే జరిగింది. అయితే ఆయన ఇంకో మాట కూడా అన్నాడు: ఇంత నష్టం కనుక యుద్ధం అసాధ్యం, ఎవరూ మొదలుపెట్టరు అని. అక్కడ దెబ్బతిన్నాడు. యుద్ధం ఎలా నడుస్తుందో లెక్కకట్టవచ్చు. మనుషులు దాన్ని మొదలుపెడతారా, ఎప్పుడు ఆపుతారు అన్నది మాత్రం ఆ లెక్కలో తేలదు.

ఇప్పుడు ఉక్రెయిన్‌లో జరుగుతున్నది బ్లోహ్ చెప్పిన గోతుల యుద్ధమే, పైన డ్రోన్లు అదనం. యుద్ధరేఖ పొడవు సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన తీరం ఎంతో అంత అనుకోండి. ఆ పొడవునా రెండు వైపులా పది పదిహేను కిలోమీటర్ల లోతున ఏం కదిలినా పైనుంచి కనిపిస్తుంది. ట్యాంకు కదిలితే కనిపిస్తుంది, మోటారు సైకిలు కదిలితే కనిపిస్తుంది, గాయపడినవాణ్ణి మోసుకొచ్చే ఇద్దరు మనుషులు కూడా కనిపిస్తారు. కనిపించినదాన్ని కొన్ని వందల డాలర్ల డ్రోన్ వచ్చి కొడుతుంది. ఉక్రెయిన్ ఒక్కటే ఏడాదికి పది లక్షలకు పైగా డ్రోన్లు చేస్తోంది. సంకేతాలు జామ్ చేస్తే ఏం చెయ్యాలో కూడా కనిపెట్టారు. గాలిపటానికి దారంలా వెనకాల సన్నటి ఆప్టికల్ ఫైబరు వదులుతూ పోయే డ్రోన్లు వచ్చాయి. వాటిని జామ్ చెయ్యలేరు. ఇలాంటి చోట వెయ్యి ట్యాంకులు ఒకచోట కూడబెట్టి గండి కొట్టడం అనే పాత విద్య పనిచెయ్యదు. కూడబెట్టేలోపే కనిపిస్తాయి కదా.

లెక్క చూడండి. 2024 అంతా పోరాడి రష్యా పట్టుకున్నది సుమారు 4 వేల చదరపు కిలోమీటర్లు. ఉక్రెయిన్ మొత్తం విస్తీర్ణం 6 లక్షల పైచిలుకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా 2.75 లక్షలే, అంటే మన రెండు రాష్ట్రాలకి రెట్టింపు కన్నా పెద్ద దేశం అది. 2014లో పట్టుకున్న క్రిమియాతో కలిపి అందులో అయిదో వంతు రష్యా చేతిలో ఉంది. మిగిలినదాన్ని ఈ వేగంతో పట్టుకోవాలంటే వందేళ్లు పైన పడుతుంది. తూర్పున దొనెట్స్క్ ప్రాంతంలో మిగిలిన భాగం ఒక్కటే కావాలన్నా, అక్కడ స్లొవియాన్స్క్, క్రమతొర్స్క్ లాంటి పట్టణాలు వరసగా కోటగోడలా ఉన్నాయి. 2014 నుంచి వాటిని గట్టి చేసుకుంటూ వస్తున్నారు. పుతిన్ గారు మొన్న ఆగస్టులో అలాస్కాలో ట్రంప్‌ని కలిసినప్పుడు ఆ భాగాన్ని మాటలతో అడిగారని వార్తలొచ్చాయి. ఎందుకు అడిగారో అర్థమవుతుంది. సైన్యంతో తీసుకోవడం ఖరీదు.

ఖరీదు అంటే మనుషులు. రెండు ప్రభుత్వాలూ మృతుల సంఖ్య దాస్తున్నాయి. ఐక్యరాజ్య సమితి విచారించి ధ్రువీకరించిన పౌరుల మరణాలే 13 వేలు దాటాయి. రష్యా సైనికుల్లో పేరు పేరునా తేల్చినవి లక్ష దాటాయి. ఆ పేర్లు సమాధుల మీదా, ఊరి పత్రికల సంతాప ప్రకటనల్లోనూ ఏరినవి. ఏజెంట్ల మాట నమ్మి ఉద్యోగమని వెళ్లి ఆ సైన్యంలో తేలిన మనవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ యువకుడొకరు 2024లో అక్కడే చనిపోయాడు.

సభలోంచి ఒక పెద్దాయన: మాస్టారూ, నాటో ఆ గుమ్మం దాకా రాకపోతే ఇదంతా ఉండేది కాదు కదా? ఆ ముక్క చెప్పకుండా దాటేస్తున్నారు.

దాటెయ్యను కామ్రేడ్ గారూ, మిమ్మల్ని ముందు వరసలో చూసినప్పుడే అనుకున్నాను. (నవ్వులు) మీరూ నేనూ మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్రలో రూపాయీ రెండు రూపాయలకి కొనుక్కుని పెరిగినవాళ్లం. ఆ అభిమానం ఎక్కడికీ పోదు. అయితే ఆ సోవియట్ దేశంలో ఉక్రెయిన్ కూడా ఉంది. మన విక్రమాదిత్య విమాన వాహక నౌకని రష్యా నుంచి కొన్నాం. అది మొదట తయారైంది ఉక్రెయిన్‌లోని మికొలాయివ్‌లో. మన వాయుసేన ఏఎన్-32 విమానాలు కీవ్‌వి. ఇంకో చిత్రం వినండి. ఐఎన్‌ఎస్ తుశీల్ అని కిందటి డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. రష్యావాళ్లు కలినిన్‌గ్రాద్‌లో కట్టిచ్చారు. దాని ఇంజన్లు ఉక్రెయిన్‌వి. ఇద్దరూ ఒకరినొకరు చంపుకుంటుండగా ఇద్దరి పనీ ఒకే ఓడలో మనకి అందింది.

ఇక నాటో మాట, అంటే అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి మాట. 2008 ఏప్రిల్‌లో బుఖారెస్ట్ సమావేశంలో ఉక్రెయిన్, జార్జియా ఏదో ఒక రోజు సభ్యులవుతాయని రాసేశారు. తేదీ వెయ్యలేదు. అంటే రష్యాకి కోపం వచ్చేంత చెప్పారు, ఉక్రెయిన్‌కి రక్షణ దొరికేంత చెయ్యలేదు. అంతకన్నా చెడ్డ నిర్ణయం నాకు గుర్తులేదు. ఇక్కడిదాకా మీతో ఏకీభవిస్తాను. కానీ 2023 ఏప్రిల్‌లో ఫిన్లాండ్ నాటోలో చేరింది. రష్యాతో దానికి 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉంది, పుతిన్ పుట్టిన సెయింట్ పీటర్స్‌బర్గ్ ఆ పక్కనే. యుద్ధం రాలేదు సరికదా, ఆ సరిహద్దులో ఉన్న బలగాల్ని కూడా చాలావరకు ఉక్రెయిన్‌కి తరలించారు. నాటో భయం ఒక్కటే కారణమైతే ఫిన్లాండ్ వైపు ఆ నిశ్చింత ఎలా వచ్చింది? ఉక్రెయిన్ వేరే దేశమే కాదన్న నమ్మకం కూడా ఇందులో ఉంది. దాని గురించి పుతిన్ గారే 2021 జులైలో పెద్ద వ్యాసం రాశారు. నాటో మాట నిజమే, కానీ సగం.

సరే, ఆగడం అంటే ఏమిటో కొరియాలో చూద్దాం. ఇక్కడ కొంచెం నిలబడాలి, ఎందుకంటే ఇందులో మనవాళ్లు కూడా ఉన్నారు.

1950 జూన్ 25న ఉత్తర కొరియా దాడితో మొదలైంది. మొదటి ఏడాది గీత అటూ ఇటూ ఊగింది. సియోల్ నాలుగుసార్లు చేతులు మారింది. 1951 వేసవికి సైన్యాలు మొదలుపెట్టిన చోటి దగ్గరికే వచ్చి ఆగాయి. ఆ జులై 10న కేసాంగ్‌లో చర్చలు మొదలయ్యాయి. మొదలయ్యాయి కదా, నెలా రెణ్ణెల్లలో అయిపోతుందనుకున్నారు. సంతకాలు పడింది 1953 జులై 27న, పన్మున్‌జొమ్‌లో. రెండేళ్లు. ఆ రెండేళ్లలో గీత చెప్పుకోదగ్గంత కదలలేదు. పేరులేని గుట్టల కోసం వేలమంది చచ్చిపోయారు. ఎందుకు? ఖైదీల దగ్గర చిక్కుపడింది. అమెరికా చేతిలో ఉన్న చైనా, ఉత్తర కొరియా ఖైదీల్లో వేలమంది తిరిగి వెళ్లబోమన్నారు. ఇష్టం లేనివాణ్ణి పంపం అన్నాడు అమెరికా అధ్యక్షుడు ట్రూమన్. అందర్నీ పంపాల్సిందే అన్నాయి చైనా, ఉత్తర కొరియా.

ఆ ముడి విప్పే సూత్రం మన దేశమే ఇచ్చింది. 1952 చివర్లో కృష్ణ మీనన్ గారు ఐక్యరాజ్య సమితిలో తీర్మానం పెట్టారు. ఖైదీల్ని ఒక తటస్థ సంఘానికి అప్పగించండి, ఎటు వెళ్లాలో అక్కడ అడుగుదాం అని. సోవియట్ ప్రతినిధి వ్యషీన్‌స్కీ నానా మాటలూ అన్నాడు. 1953 మార్చి 5న స్తాలిన్ పోయాడు. రెండు వారాల్లో మాస్కో మాట మారింది. తిట్టిన ఆ సూత్రం మీదే కొద్ది మార్పులతో ఒప్పందం కుదిరింది. సంఘానికి అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య, కాపలా భారత సైనికులది. మనవాళ్లు దక్షిణ కొరియా నేల మీద కాలు పెట్టడానికి వీల్లేదని ఆ దేశాధ్యక్షుడు సింగ్‌మన్ రీ పట్టుబట్టాడు. అందుకని అమెరికావాళ్లు మనవాళ్లని ఓడల నుంచి హెలికాప్టర్లలో సైన్యరహిత ప్రాంతానికి చేర్చారు! ఇరవై రెండు వేలకు పైగా ఖైదీల్ని మనవాళ్లు కాపలా కాశారు. ఎటూ వెళ్లబోమన్న 88 మంది చివరికి మనవాళ్లతోపాటే భారతదేశం వచ్చేశారు.

ఈ సింగ్‌మన్ రీని గుర్తుపెట్టుకోండి. అమెరికా డబ్బుతో, అమెరికా సైన్యంతో బతుకుతున్న చిన్న దేశపు ముసలి నాయకుడు. సంధి కుదరబోతుందనగా, 1953 జూన్ 18న రాత్రికి రాత్రి శిబిరాల తలుపులు తీయించి ఇరవై ఏడు వేలమంది ఖైదీల్ని బయటికి వదిలేశాడు. అమెరికాకి తల కొట్టేసినంత పనైంది. సంధి పత్రం మీద ఆయన సంతకం పెట్టలేదు, చివరిదాకా పెట్టలేదు. అడ్డుతగలకుండా ఉండడానికి ఆయన అడిగిన ధర రక్షణ ఒప్పందం. అది 1953 అక్టోబరు 1న కుదిరింది. సరిగ్గా అదే రోజు కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం పుట్టింది, మనవాళ్లకి తేదీ గుర్తుండడానికి పనికొస్తుంది. ఆ ఒప్పందం వల్ల ఇవాళ్టికీ 28 వేలమంది పైన అమెరికా సైనికులు అక్కడ ఉన్నారు. శాంతి ఒప్పందం మాత్రం డెబ్బై రెండేళ్లయినా లేదు. కాగితం మీద ఆ యుద్ధం ఇంకా ముగియలేదు.

మన దగ్గర పొలం తగాదాలో కోర్టు యథాతథ స్థితి ఉత్తర్వు ఇస్తుంది చూడండి, స్టేటస్ కో. పొలం ఎవరిదో అందులో తేల్చరు. గట్టు దాటొద్దంటారు, అంతే. ఆ కాగితానికి విలువ ఎక్కడుంటుంది? ఎవరైనా గట్టు దాటితే మర్నాడు పొద్దున్నే పోలీసు వస్తాడా రాడా అన్నదాంట్లో ఉంటుంది. కొరియాలో వస్తాడు, పైగా అక్కడే కాపురం ఉంటున్నాడు. ఉక్రెయిన్‌కి ఇప్పటిదాకా దొరికినవన్నీ పోలీసు రాని కాగితాలు.

1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో ఒక కాగితం. అప్పటికి ఉక్రెయిన్‌లో సోవియట్ కాలంనాటి దూరశ్రేణి అణ్వస్త్రాలు 1,900 దాకా ఉన్నాయి. సంఖ్యలో ప్రపంచంలో మూడో స్థానం. వాటిని వదులుకుంటే మీ సరిహద్దుల్ని గౌరవిస్తామని అమెరికా, బ్రిటన్, రష్యా రాసిచ్చాయి. ఎవరైనా దాటితే మేమొచ్చి నిలబడతాం అని మాత్రం ఏ ఒక్కరూ రాయలేదు. 2014లో సంతకం పెట్టినవాళ్లలో ఒకరే క్రిమియా తీసుకున్నారు. ఆ సెప్టెంబరులో తూర్పు ఉక్రెయిన్‌లో కాల్పులు ఆపడానికి మిన్స్క్ ఒప్పందం, 2015 ఫిబ్రవరిలో రెండో మిన్స్క్. అక్కడ కాపలా ఎవరు? ఆయుధం లేని పరిశీలకులు. దూరదర్శినితో చూసి, ఇవాళ ఇన్నిసార్లు కాల్చారని రోజూ నివేదిక రాసేవారు.

2022 వసంతంలో ఇస్తాంబుల్ చర్చలు చాలా దూరం వెళ్లాయి. ఉక్రెయిన్ తటస్థంగా ఉంటుంది, నాటోలో చేరదు, బదులుగా కొన్ని దేశాలు హామీ ఇస్తాయి. ఇక్కడిదాకా బాగానే ఉంది. ముసాయిదాలో రష్యా ఒక షరతు పెట్టింది. హామీ ఇచ్చే దేశాల్లో తానూ ఉంటుంది, హామీదారులంతా ఒప్పుకుంటేనే సాయానికి రావాలి. అంటే ఉక్రెయిన్ మీద రష్యా మళ్లీ దాడి చేస్తే, సాయం పంపడానికి రష్యా అనుమతి కావాలి! చర్చలు తెగిపోవడానికి వేరే కారణాలూ ఉన్నాయి: రష్యా సేనలు వెళ్లిపోయాక కీవ్ పక్కనున్న బూచాలో బయటపడ్డ పౌరుల శవాలు, యుద్ధరంగంలో తామే గెలవగలమన్న ఉత్సాహం, పశ్చిమ దేశాల వెనకాడింపు. కానీ ఏ పెద్దమనిషి వచ్చినా విప్పలేని ముడి ఇదీ.

మొన్న ఆగస్టులో కూడా ఇదే ముడి. 15న అలాస్కాలో ట్రంప్, పుతిన్ కలిశారు. 18న ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ, ఆయనతో యూరప్ నాయకులు అరడజను మంది పైన వాషింగ్టన్‌లో దిగారు. ఈ నెల 4న పారిస్‌లో 26 దేశాలు సంధి తర్వాత ఉక్రెయిన్ భద్రతకి తమ వంతు వేస్తామన్నాయి, సైన్యంతోనో, సముద్రంలోనో, గగనతలంలోనో. మర్నాడే పుతిన్ అన్నమాట: అలాంటి విదేశీ సైన్యం అక్కడ కనబడితే అది మాకు న్యాయమైన లక్ష్యమే అని. భూమి గురించి బేరం ఆడుతున్నారు. కాపలా గురించి బేరమే లేదు.

ఇక పెద్ద దేశాల సంగతి. మన టీకొట్ల దగ్గర బలమైన నమ్మకం ఒకటుంది. అమెరికా, రష్యా ఒక గదిలో కూర్చుంటే గంటలో తేలిపోతుంది, మిగతావాళ్లంతా తోలుబొమ్మలు అని. రీ కథ చెప్పింది అందుకే. పెద్దలు చిన్నవాళ్లని నడిపించినంత తేలిగ్గా ఆపలేరు. ఈ ఏడాది ఫిబ్రవరి 28న ట్రంప్ తన ఆఫీసులో ప్రపంచమంతా చూస్తుండగా జెలెన్‌స్కీని కడిగేశారు. మార్చిలో వారం పాటు ఆయుధాలూ నిఘా సమాచారమూ ఆపేశారు. ఉక్రెయిన్ లొంగలేదు. జూన్ 1న, లారీల్లో దాచి తీసుకెళ్లిన డ్రోన్లతో వేల కిలోమీటర్ల లోపల సైబీరియా విమానస్థావరాల్ని కొట్టింది. అటు చూస్తే కిమ్ జోంగ్ ఉన్. పదేళ్ల కిందట చైనా కూడా చిరాకుపడిన ఆ కుర్రాడు రష్యాకి లక్షలకొద్దీ ఫిరంగి గుళ్లు, ఉక్రెయిన్ సేనలు చొరబడ్డ రష్యా ప్రాంతం కుర్స్క్‌లో యుద్ధానికి వేలమంది సైనికుల్నీ ఇచ్చి, ఈ నెల 3న బీజింగ్ కవాతులో షీ జిన్‌పింగ్‌కి ఒక పక్కన నిలబడ్డాడు. రెండో పక్కన పుతిన్.

ఆ ఫొటో చూసి చాలామంది కొత్త కూటమి పుట్టిందన్నారు. నాకైతే అందులో కొనేవాడూ అమ్మేవాడూ కనిపించారు. చైనా–రష్యా వ్యాపారం ఏడాదికి 240 బిలియన్ డాలర్ల దగ్గరుంది. డ్రోన్ల మోటార్లు, బ్యాటరీలు, చిప్పులు అటునుంచే వస్తున్నాయి. నిజం చెప్పాలంటే ఉక్రెయిన్ డ్రోన్ల విడిభాగాలు కూడా ఎక్కువ అక్కడివే. రష్యా ఓడిపోవడం చైనాకి ఇష్టం లేదు, అలాగని గెలిపించడానికి తొందరా లేదు. ఈ యుద్ధం నడుస్తున్నంతకాలం అమెరికా చూపు యూరప్ మీద ఉంటుంది, రష్యా గ్యాసు చవగ్గా వస్తుంది. సైబీరియా నుంచి మంగోలియా మీదుగా రెండో గ్యాసు గొట్టం కోసం రష్యా ఏళ్లతరబడి వెంటపడుతోంది. ఈ నెలలో సంతకాలయ్యాయని చెప్పారు. ధర ఇంకా తేల్చలేదట. ధర తేలని అమ్మకంలో ఎవరి చెయ్యి పైన ఉందో ఈ ఊళ్లో నేను చెప్పనక్కర్లేదు.

వాషింగ్టన్‌లో కొందరు, రష్యాని దువ్వి చైనా నుంచి విడదియ్యవచ్చు అంటున్నారు. 1972లో నిక్సన్ చైనా వెళ్లి సోవియట్‌ని ఒంటరి చేసినట్టు, ఇప్పుడు దాన్ని తిరగేసి చేద్దామని. చరిత్ర చెప్పుకుని బతికినవాడిగా నాకు ఇది నచ్చదు. నిక్సన్ వాళ్లని విడదియ్యలేదు. 1969లోనే ఉసూరి నది దగ్గర చైనా, సోవియట్ సైనికులు కాల్చుకుని చచ్చారు. విడిపోయినవాళ్ల మధ్యలోకి ఆయన నడిచాడు. ఇవాళ ఆ రెండింటి మధ్యా అలాంటి పగుళ్లు లేవు. పుతిన్‌కి ఉక్రెయిన్ మొత్తం రాసిచ్చినా, నాలుగేళ్లకోసారి మారే వాషింగ్టన్‌ని నమ్మి పక్కింటి చైనాతో గొడవ పెట్టుకోడు.

ఒక అమ్మాయి: సర్, న్యూక్లియర్ వెపన్స్ వాడే ఛాన్స్ ఉందంటారా?

సున్నా అనను తల్లీ. ఎక్కువ భయపడింది 2022 శరదృతువులో, పట్టుకున్న ఖెర్సన్ నగరం రష్యా చెయ్యి జారిపోతున్నప్పుడు. అప్పుడు కూడా వాడలేదు. ఆ సెప్టెంబరులోనే సమర్‌కంద్‌లో మన ప్రధాని పుతిన్ ముఖం మీదే ఇది యుద్ధాల కాలం కాదన్నారు, నవంబరులో చైనా కూడా అణ్వస్త్రాల మాట వద్దని బాహాటంగా చెప్పింది. తన చమురు కొనే ఇద్దరినీ ఒకేసారి పోగొట్టుకునే పని చెయ్యడనుకుంటాను.

మరి నా అంచనా ఏమిటని మీరు అడుగుతారు, అడగకపోయినా చెప్తాను. శాంతి ఒప్పందం రాదు. ఇప్పుడున్న గీతకి కాస్త అటో ఇటో సంధి వస్తుంది. చర్చలు మొదలయ్యాక కూడా, కొరియాలోలాగే, ఎక్కువకాలం కాల్చుకుంటూనే మాట్లాడుకుంటారు. రష్యా పట్టుకున్నదాన్ని వదలదు, ఉక్రెయిన్ దాన్ని రష్యాదని ఒప్పుకోదు. కాపలా యూరప్ మీద పడుతుంది, అమెరికా వెనక నిలబడుతుందా లేదా అన్నదాని మీదే మళ్లీ యుద్ధం వస్తుందా రాదా ఆధారపడుతుంది. ఈ నెల పదో తేదీ తెల్లవారుజామున రష్యా డ్రోన్లు పోలండ్‌లోకి వచ్చాయి. కొన్నిటిని నాటో విమానాలు కూల్చాయి. అది ఆ కాపలాదారుడు ఎంత మెలకువగా ఉన్నాడో తట్టి చూడడం అని నా అనుమానం.

ఏం జరిగితే ఈ అంచనా చెడుతుందో కూడా చెప్పాలి, లేకపోతే నాకూ చిలక జోస్యానికీ తేడా ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1918 మార్చి దాకా పశ్చిమ రంగంలో గీత కదలలేదు, ఆ నవంబరుకి యుద్ధమే అయిపోయింది. అరిగిపోయే యుద్ధాలు చాన్నాళ్లు ఏమీ జరగనట్టుండి ఒక్కసారి విరుగుతాయి. ఉక్రెయిన్ వైపు విరగాల్సివస్తే అది మనుషుల దగ్గర విరుగుతుంది. సైన్యాన్ని వదిలి వెళ్లినందుకు పెట్టిన కేసులే లక్ష దాటాయి, నిర్బంధ సైనిక సేవ వయసు 27 నుంచి 25కి తగ్గించారు, ఇంకా తగ్గించడానికి జంకుతున్నారు. గోతికి ముగ్గురు ఉండాల్సినచోట ఒకడున్నాడంటున్నారు. రష్యా వైపు అయితే డబ్బు దగ్గర. బడ్జెట్లో మూడో వంతు దాకా రక్షణకే పోతోంది. కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు కిందటి అక్టోబరులో 21 శాతానికి ఎక్కింది, ఇప్పుడు 17. ఆ వడ్డీకి ఇల్లు కట్టుకునేవాడు, ఫ్యాక్టరీ పెట్టేవాడు దొరకడు. చమురు ధర 50 డాలర్ల దిగువకి పడి ఏడాది అలా ఉంటే లెక్కలు మారతాయి. మూడోది ఎవరి చేతిలోనూ లేనిది. స్తాలిన్ పోకపోతే కొరియా ఎన్నాళ్లు సాగేదో ఎవరు చెప్పగలరు. వచ్చే నెలకి పుతిన్‌కి 73.

ఒక ఆక్వా రైతు: మాస్టారూ, ఇదంతా బానే ఉందండీ. మరి యుద్ధం ఆగిపోతే మన రొయ్యల మీద సుంకం ఎత్తేస్తారాండీ?

మొదట అడగాల్సిన ప్రశ్న ఆఖర్న అడిగారు. (నవ్వులు, చప్పట్లు) అమెరికా మన సరుకుల మీద వేసిన ఆ 50 శాతం సుంకాన్ని రెండు ముక్కలుగా చూడండి. మొదటి 25 ఆగస్టు 7 నుంచి వచ్చింది. అది వాణిజ్య ఒప్పందం కుదరక వేసినది. రెండో 25 ఆగస్టు 27 నుంచి. అది రష్యా చమురు కొంటున్నామని వేసినది, 6వ తేదీ ఉత్తర్వులో ఆ కారణమే రాశారు. యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం కూడా లేదు, తర్వాత మూడో వంతు దాటింది, ఆ మాట నిజమే. మనకన్నా ఎక్కువ కొంటున్న చైనా మీద ఆ జరిమానా వెయ్యలేదు. ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల ఎగుమతి బిగించేసరికి అమెరికా కార్ల ఫ్యాక్టరీలు విలవిల్లాడాయి, అందుకు. మన దగ్గర బిగించడానికి అలాంటిదేమీ లేదు. రొయ్య ఆపితే వాళ్లు ఇంకోచోట కొంటారు.

అందుకని యుద్ధం ఆగితే రెండో పాతిక తియ్యడానికి ఒక సాకు దొరుకుతుంది. తీస్తారని నేను హామీ ఇవ్వలేను. మొదటి పాతిక అలాగే ఉంటుంది. మరీ చవగ్గా అమ్ముతున్నామని వేసే యాంటీ డంపింగ్, ప్రభుత్వ రాయితీలున్నాయని వేసే కౌంటర్‌వెయిలింగ్, ఆ పాత సుంకాలు ఎలాగూ ఉన్నాయి. మనతో పోటీపడే ఈక్వడార్ రొయ్యకి 15 శాతమే. ఆ తేడా ఉన్నంతకాలం అమెరికా కొనుగోలుదారుడు ఎటు తిరుగుతాడో నాకన్నా మీకే తెలుసు. టీవీలో కాల్పుల విరమణ అని స్క్రోలింగ్ వస్తే దాన్ని చూసి చెరువులో సీడ్, అదే రొయ్యపిల్లల్ని, వేసెయ్యకండి. ఢిల్లీకీ వాషింగ్టన్‌కీ మధ్య వాణిజ్య చర్చలు ఎంతదాకా వచ్చాయో కనుక్కుని, కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్కన మీకొచ్చే కౌంటు ధర చూసుకుని వెయ్యండి.